మెదడు పొలిమేరలు



రఘునాథపల్లిలో ఉండే ఒక విశ్రాంత తెలుగు పండితునికి మెదడు చిత్రాలతో పనేమిటని మీరు అడుగవచ్చు. పని ఉన్నది. యంత్రం గీసిన గీత సరియైనదా కాదా అని తేల్చే చరిత్ర మన పాఠపరిష్కరణ విద్యకు చుట్టమే.

1971 అక్టోబరు 1న లండనులోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో సీటీ యంత్రం తొలిసారిగా ఒక రోగి తలను చిత్రించింది. దాని నిర్మాత హౌన్స్‌ఫీల్డు 1979లో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. తరువాత ఎమ్మారై వచ్చింది. కపాలం తెరువకుండానే మెదడు కనబడింది. అయితే చూడడం వేరు, కొలవడం వేరు. కొలవాలంటే ఎముకనూ పొరలనూ కండ్లనూ విడదీసి మెదడు పొలిమేరను గీయాలి. నిపుణుడు చేతితో గీస్తే ఒక్క తలకే గంటలు పడుతుంది. అందుకే యంత్రాన్ని ఆశ్రయించారు. 2002లో ఆక్స్‌ఫర్డుకు చెందిన స్టీఫెన్ స్మిత్ ప్రకటించిన పద్ధతి ప్రసిద్ధమైనది. తలలో ఒక గోళాన్ని ఊహించి, బుడగవలె ఉబ్బిస్తూ మెదడు అంచున నిలుపుతారు.

నిలిచిన చోటు సరియైనదేనా? దీనికి వాడే కొలత వైద్యులది కాదు. 1945లో లీ డైస్ అనే అమెరికా జీవశాస్త్రజ్ఞుడు రెండు జీవజాతులు ఎంతగా కలిసి కనబడతాయో లెక్కించడానికి కూర్చిన సూత్రమది. నిపుణుని గీతలోనూ యంత్రం గీతలోనూ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని రెట్టించి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0.

ఇందులో ఒక చిక్కున్నది. 1200 ఘన సెంటీమీటర్ల మెదడులో 12 ఘన సెంటీమీటర్లను యంత్రం వదిలివేసినా మార్కు 0.99 దాటుతుంది. ఆ వదిలిన ముక్కలోనే రోగం ఉంటే? కనుకనే గణితజ్ఞుడు హౌస్‌డార్ఫ్ పేరిట ఉన్న మరొక కొలతను జతచేస్తారు. రెండు గీతలు మిక్కిలి ఎడమైన చోట ఎంత దూరమున్నదో అది చెబుతుంది.

మరి నిపుణులే ఒకరితో ఒకరు ఏకీభవించకపోతే? బ్రౌను దొర ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పండితులచేత సరిపోల్చించినట్లే, 2004లో వార్‌ఫీల్డు బృందం పలువురి గీతలను కలిపి, ఎవరి గీత ఎంత నమ్మదగినదో అంచనా వేస్తూ ఒక ఉమ్మడి పొలిమేరను రాబట్టే పద్ధతిని ప్రకటించింది.

అన్నిటికన్న పెద్ద ప్రశ్న మూలప్రతిది. మెదడు భాగాలను గుర్తించే పద్ధతులు అనేకం ఒక నమూనా పటాన్ని రోగి చిత్రంపైకి సాగదీసి సరిపెడతాయి. 1988 నాటి తలైరాక్ పటానికి ఆధారం అరవై యేండ్ల ఒక స్త్రీ మెదడు మాత్రమే. తరువాత కెనడాలోని మాంట్రియల్ సంస్థ 305 మంది చిత్రాల సగటుతో నమూనా చేసింది. అది మేలే, కాని అందులో మనవారి పోలిక లేదు.

ఆ లోటు తీర్చే ప్రయత్నం మన హైదరాబాదులోనే జరిగింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఆచార్య జయంతీ శివస్వామి బృందం తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి 2019లో భారతీయ మెదడు పటాన్ని ప్రకటించింది. 21 నుండి 30 యేండ్ల వయసు గల 50 మంది పురుషులు, 50 మంది స్త్రీల చిత్రాలు దానికి ఆధారం. పాశ్చాత్యుల, తూర్పు ఆసియా వారి నమూనాలతో పోల్చితే మన సగటు మెదడు ఎత్తులో, వెడల్పులో, పరిమాణంలో కొంత చిన్నదని తేలింది. దీనిని తెలివితేటలకు ముడిపెట్టడం అవివేకం. దీని అర్థం వేరు. మతిమరుపు వ్యాధిలో మెదడు కుంచించుకొనిపోతుంది. పరాయి నమూనాతో కొలిస్తే, ఆరోగ్యవంతుడైన మన రైతు మెదడు కూడా కుంచించుకొనిపోయినట్లు కనబడవచ్చు.

నూరుగురు యువకుల సగటు డెబ్బది యేండ్ల వృద్ధునికి చాలదు. శిశువుకూ చాలదు. ఒక్క ప్రతిని పట్టుకొని ఇదే కవి హృదయమని తీర్పు చెప్పరాదని మా గురువులు బోధించేవారు. తల విషయంలోనూ అదే న్యాయం. యంత్రానికి ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటకు ముందు, ఎవరి తలను కొలబద్దగా పెట్టి ఆ మార్కులు వేసినారని అడుగవలె.