మెడ ముందుకు, భుజాలు లోపలికి వంగాయా? మగ్గం ముందైనా, ఫోన్ ముందైనా.. ఇంట్లోనే ఇలా సరిచేసుకోవచ్చు

ఆదోని అంటే పత్తి, ఎమ్మిగనూరు అంటే మగ్గం. కర్నూలు జిల్లా పశ్చిమాన ఉన్న ఈ రెండు ఊళ్లలో చాలామంది చేసేది తల వంచి చేసే పనే. గుంత మగ్గంలో కాళ్లు పెట్టి పడుగు మీదికి వంగే నేతన్న, రాట్నం ముందు కండెలు చుట్టే ఇల్లాలు, కుట్టుమిషన్ మీద టైలర్, మార్కెట్ యార్డు దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తా.. అందరిదీ ఒకే భంగిమ. పని ముగించి ఇంటికొచ్చాక చేతిలోకి తీసుకునేది ఫోన్. పగలంతా వంచిన మెడ రాత్రి కూడా వంగే ఉంటోంది.

ఏళ్ల తరబడి ఇలాగే సాగితే తల భుజాల కన్నా ముందుకు జరుగుతుంది. భుజాలు గుండ్రంగా లోపలికి ముడుచుకుంటాయి. మెడ పట్టేయడం, రెక్కల మధ్య మంట, తలనొప్పి మొదలవుతాయి. అయితే చాలామందిలో ఇది ఎముక వంకర కాదు, కండరాలకు పడిన అలవాటు. రోజూ పది నిమిషాలు కేటాయిస్తే ఇంట్లోనే సరిచేసుకునే వీలుంది.

అసలేం జరుగుతుంది?

పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు వెన్నెముక ఆ బరువును తేలిగ్గా మోస్తుంది. తల వంచేకొద్దీ మెడ మీద భారం పెరుగుతుంది. న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో వేసిన లెక్క ప్రకారం 15 డిగ్రీలు వంచితే సుమారు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18 కిలోలు, 60 డిగ్రీలకు 27 కిలోల భారం పడుతుంది. ఇది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా మాత్రమే. కానీ ఒళ్లో ఫోన్ పెట్టుకుని గంటసేపు వీడియోలు చూస్తే మెడ ఎందుకు లాగుతుందో దీంతో అర్థమవుతుంది.

వంగి కూర్చునే వాళ్లలో ఛాతీ కండరాలు, మెడ వెనుక పైభాగం కండరాలు బిగుసుకుంటాయి. మెడ ముందు లోపలి కండరాలు, రెక్కల మధ్య కండరాలు నీరసిస్తాయి. అందుకే 'నిటారుగా కూర్చో' అని ఎవరైనా గదమాయిస్తే రెండు నిమిషాలే నిలుస్తుంది. బిగిసిన వాటిని సాగదీయాలి, నీరసించిన వాటికి బలం తేవాలి. అప్పుడే మార్పు నిలబడుతుంది.

నేతన్నకు ఎందుకు ఇబ్బంది ఎక్కువ?

1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరు నేతకు దేశమంతా పేరొచ్చింది. కానీ ఈ పనిలో నేసినంత మేరకే కూలి. లేచి నడిస్తే ఆ కాసేపూ మగ్గం ఆగిపోతుంది. అందుకే నొప్పి వచ్చినా చాలామంది మాత్ర వేసుకుని మళ్లీ గుంతలోకి దిగుతారు. చివరికి చెయ్యి ఎత్తలేని పరిస్థితి వస్తే పోయేది గంట కూలి కాదు, వారాల కూలి.

మెడ వంగడానికి మరో రెండు కారణాలు కూడా ఉంటాయి: చాలని వెలుతురు, తగ్గిన చూపు. 40 ఏళ్లు దాటాక దగ్గరి చూపు మందగించడం మామూలే. తెగిన పోగు కనపడక తల ఇంకా ముందుకు పోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మగ్గం మీద మంచి లైటు పడేలా చూసుకుంటే సగం వంపు దానంతట అదే తగ్గొచ్చు.

మీకు ఉందా? గోడతో తెలుసుకోండి

మడమలను గోడకు రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి నిలబడండి. పిరుదులు, వీపు పైభాగం గోడకు ఆనించండి. గడ్డం పైకెత్తకుండా తల వెనుక భాగం గోడకు తగిలితే ఫర్వాలేదు. తగలకపోయినా, బలవంతంగా ఆనించాల్సి వచ్చినా తల ముందుకు జరిగినట్టే. వారానికోసారి ఇదే పరీక్ష చేసి గోడకు, తలకు మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసుకుంటే మార్పు తెలుస్తుంది.

రోజూ చేయాల్సిన 5 వ్యాయామాలు

1. గడ్డం వెనక్కి: నిటారుగా కూర్చుని చూపు ఎదురుగా ఉంచండి. తల వంచకుండా, ఎత్తకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి జరపండి. 5 సెకన్లు ఆపి వదలండి. ఇలా 10 సార్లు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

2. రెక్కలు దగ్గరికి: చేతులు పక్కన వదిలేసి, వీపు మీది రెండు రెక్కలను దగ్గరికి, కొంచెం కిందికి లాగండి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. 5 సెకన్ల చొప్పున 10 సార్లు.

3. గుమ్మం దగ్గర ఛాతీ సాగదీత: గుమ్మంలో నిలబడి మోచేతులను భుజాల ఎత్తులో రెండు వైపులా ఆనించండి. ఒక కాలు ముందుకు వేసి మెల్లగా ఒరగండి. ఛాతీ లాగినట్టు అనిపించాలి, నొప్పి రాకూడదు. 20 నుంచి 30 సెకన్లు, 3 సార్లు.

4. గోడ మీద చేతులు: వీపు గోడకు ఆనించి, మోచేతులు మడిచి, చేతులను గోడ మీద మెల్లగా పైకి జరిపి కిందికి దించండి. మొదట్లో చేతులు గోడకు పూర్తిగా ఆనవు. ఆనినంత వరకే చేయండి. 8 నుంచి 10 సార్లు.

5. తువ్వాలు చుట్ట: మందపాటి తువ్వాలును చుట్టి, నేల మీద పడుకుని రెక్కల కింద అడ్డంగా పెట్టుకోండి. మోకాళ్లు మడిచి, చేతులు పక్కకు చాపి రెండు నిమిషాలు తేలిగ్గా ఊపిరి పీల్చండి. తల వెనక్కి వేలాడుతుంటే కింద పలుచటి దిండు పెట్టుకోవాలి.

పని ఆపకుండా ఎలా?

వ్యాయామం కోసం వేరే టైమ్ దొరకదు అనేవాళ్లు పనిలోనే దాన్ని కలిపేసుకోవచ్చు. నాడెలో కండె మార్చిన ప్రతిసారీ గడ్డం రెండుసార్లు వెనక్కి జరపండి. టైలర్ దారం మార్చేటప్పుడు, గుమాస్తా పేజీ తిప్పేటప్పుడు రెక్కలు దగ్గరికి లాగొచ్చు. అరగంటకోసారి ఒక్క నిమిషం లేచి నిలబడితే చాలు. కూర్చునే పలక మరీ కిందికి ఉంటే భుజాలు పైకి లేస్తాయి. మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచుకోండి.

ఇక ఫోన్ సంగతి. ఈ వార్తను కూడా చాలామంది తల వంచే చదువుతుంటారు. ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. చెయ్యి నొప్పి పుడితే ఒళ్లో దిండు పెట్టి మోచేతులు దాని మీద ఆనించండి. సినిమా, సీరియల్ లాంటి పెద్ద వీడియోలకు ఫోన్‌ను అల్మారాలో నిలబెట్టి చూడటం మేలు. పడుకున్నప్పుడు రెండు మూడు దిళ్లు వేసుకుని చూస్తే మెడకు మళ్లీ అదే తిప్పలు.

ఈ తప్పులు చేయొద్దు

భుజాలను రోజంతా వెనక్కి బిగబట్టి ఉంచొద్దు. దానివల్ల కొత్త నొప్పి వస్తుంది. ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి కదలకుండా ఉంటే మంచిది కాదు. మెడను 'టక్'మని విరిపించుకోవడం ప్రమాదం. బెల్టు కాసేపు గుర్తు చేయడానికి పనికొస్తుంది గానీ కండరాలకు బలం తేదు.

ఫలితం రెండు రోజుల్లో రాదు. వారానికి కనీసం 5 రోజుల చొప్పున 6 నుంచి 8 వారాలు చేయాలి. ముందు బిగుతు తగ్గుతుంది, ఆకారం మారడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఇంకో మాట: తల కొంచెం ముందుకు ఉన్నవాళ్లందరికీ నొప్పి రాదు. నొప్పి లేకపోతే భయపడాల్సిన పని లేదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి?

చేతుల్లోకి తిమ్మిరి, మంట పాకుతున్నా.. పట్టు తగ్గి నాడె, గ్లాసు జారిపోతున్నా.. నడకలో తూలుతున్నా.. మలమూత్రాలు అదుపు తప్పినా.. కిందపడ్డాక నొప్పి మొదలైనా.. జ్వరంతో మెడ బిగుసుకున్నా వ్యాయామాలు ఆపేసి వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రులకు ముందు వెళ్లొచ్చు. అవసరమైతే అక్కడి నుంచి కర్నూలు సర్వజన ఆసుపత్రికి పంపిస్తారు. ఛాతీ నొప్పి ఎడమ చేతికి, దవడకు పాకుతూ చెమటలు పడితే మెడనొప్పే అనుకుని ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఎముకలు గుల్లబారినవారు, మెడకు ఆపరేషన్ అయినవారు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే వ్యాయామాలు మొదలుపెట్టాలి.