బ్యాంకుఖాతా రహస్యము - రాజ్యాధికారము

గృహస్థుడు వైద్యమున కెంత వెచ్చించెనో, ఏ బంధువునకు గుట్టుగా సాయపడెనో అతని జమాఖర్చుల పుస్తకము చెప్పును. ఆ పుస్తకము నేడు బ్యాంకువారి చేతిలో నున్నది. అక్రమార్జితమును పలు ఖాతాలగుండ నడపి సక్రమార్జితమువలె కనబఱచు మనీలాండరింగునకును తఱచుగా ఆ బ్యాంకే దారి. కావున నేరము నారయు నధికారి ఆ లెక్కలు చూడక తప్పదు. ఎవరి యుత్తర్వుతో, ఏ కారణము చూపి చూడవలెనన్నదే ప్రశ్న.

పూర్వము వ్యాజ్యము వచ్చినచో బ్యాంకువారు తమ మూలపుస్తకములనే కోర్టునకు మోసికొని పోవలసియుండెను. ఇంగ్లండులో 1879లోను, మన దేశమున 1891లోను వెలువడిన శాసనములు ఆ చిక్కును దీర్చి, ధ్రువపఱచిన నకలు చాలుననెను. కక్షిదారు కోరినచో లెక్కలు పరీక్షింపుడని యుత్తర్వు చేయు నధికారమును న్యాయస్థానమున కొసగెను. సామాన్యముగా ఆ యుత్తర్వు మూడు దినములు ముందుగా బ్యాంకునకు చేరవలెను.

రహస్యరక్షణ బ్యాంకుధర్మమని స్పష్టపఱచినది 1924 నాటి ఆంగ్లతీర్పు. పది పౌనులకు లోపుగా బాకీపడిన టూర్నియరను ఖాతాదారుని గూర్చి, అతడు పందెములు కాయుచున్నట్లున్నదని బ్యాంకు మేనేజరు అతని యజమానులకు టెలిఫోనులో చెప్పెను. అతని కొలువు మఱల పొడిగింపబడలేదు. శాసనము నిర్బంధించినప్పుడు, ప్రజాహితము కోరినప్పుడు, బ్యాంకు తన హక్కును కాపాడుకొనవలసినప్పుడు, ఖాతాదారు సమ్మతించినప్పుడు - ఈ నాలుగు సందర్భములందే గుట్టు విప్పవచ్చునని న్యాయమూర్తులు నిర్ణయించిరి.

అమెరికా వేఱు దారి త్రొక్కెను. 1970 నాటి శాసనముచే బ్యాంకులు లెక్కలను భద్రపఱచి, పదివేల డాలర్లకు మించిన నగదు వ్యవహారములను ప్రభుత్వమునకు తెలుపవలసివచ్చెను. దొంగసారా వ్యాజ్యమొకదానిలో, బ్యాంకునకు అప్పగించిన కాగితములపై ఖాతాదారునకు రాజ్యాంగరక్షణ లేదని 1976లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ లోపము పూరించుటకై 1978లో వేఱొక శాసనము వచ్చెను. కేంద్రప్రభుత్వము లెక్కలు కోరునప్పుడు సామాన్యముగా ఖాతాదారునకు తెలిపి, ఆక్షేపించుట కవకాశమీయవలెనని దాని సారము.

ఆ 1976 తీర్పు మన తెలుగునాట పుట్టిన వ్యాజ్యమొకదానిలో చర్చకు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో స్టాంపు శాసనపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు వ్రాతమూలముగా పంపిన యెవ్వరైనను బ్యాంకులలో ప్రవేశించి దస్తావేజులు పరీక్షింపవచ్చుననెను. కారణము వ్రాయవలసిన నిర్బంధము లేదు. పంపబడువాడు ఉద్యోగియే కానక్కఱలేదు. రాష్ట్ర హైకోర్టు దానిని కొట్టివేసెను. కెనరా బ్యాంకు ప్రతివాదిగా నున్న ఆ వ్యాజ్యమున 2004 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే స్థిరపఱచెను. కాగితము బ్యాంకు చేరినంతమాత్రమున గోప్యత నశింపదనియు, ఆ హక్కు స్థలమునకు గాక మనుష్యునకు చెందినదనియు పలికి, అమెరికా తీర్పును అనుసరింపలేదు.

అదే నవంబరునందు కేంద్రప్రభుత్వము ఆర్థిక నిఘా విభాగమును స్థాపించెను. 2002లో చేయబడిన మనీలాండరింగు నిరోధక శాసనము 2005 జూలై 1న అమలులోనికి వచ్చెను. దానిననుసరించి బ్యాంకులు పదిలక్షల రూపాయలకు మించిన నగదు వ్యవహారములను, అనుమానాస్పదమైనవానిని ఆ విభాగమునకు తెలుపుచున్నవి. ఎన్‌ఫోర్సుమెంటు అధికారులు సమనుచే లెక్కలు తెప్పింపగలరు. దానికి న్యాయాధిపతి ముందనుజ్ఞ అక్కఱలేదు. సోదాకు మాత్రము, తమ నమ్మకమునకు గల కారణములను వ్రాసియుంచవలెను. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఈ యధికారములను సమర్థించెను.

దొంగసొమ్ము దాచుటకు గోప్యత డాలు కారాదు. ఈ మాట నెల్లరు నంగీకరింతురు. కాని సోదాకు విధించిన కారణలేఖనమును లెక్కలు కోరు ప్రతి సమనునకును ఏల విధింపరాదు? నిర్దోషియైన గృహస్థుడు అధికారిని ప్రశ్నింపవలసివచ్చిన దినమున అతని కాధారమగునది ఆ వ్రాతయే. 1986 నాటి సవరణయందు లోపించినదియు నదియే.