హాస్టల్ గేటు దగ్గర ఆగిన చట్టం

ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ పాఠం చెప్పేవారు. తెలుగు కూడా బోధించే ఆధునిక భారతీయ భాషల విభాగానికి ఆయనే అధిపతి. 2010 ఫిబ్రవరి 8 రాత్రి కొందరు కెమెరాతో ఆయన క్వార్టర్స్‌లోకి చొరబడ్డారు. మరో పురుషుడితో ఉండగా వీడియో తీశారు. చొరబడ్డవాళ్ల సంగతి తేలకముందే సస్పెన్షన్ ఉత్తర్వు సిరాస్ చేతికొచ్చింది. క్వార్టర్స్ ఖాళీ చేయమని కూడా అన్నారు.

ఒకే లింగానికి చెందిన వయోజనులు ఇష్టపడి ఏకాంతంలో కలిస్తే నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న చెప్పి అప్పటికి ఏడు నెలలే. నేరమని కేసు పెట్టడానికి వీల్లేని మనిషి మీద యాజమాన్యం నైతికత పేరుతో సర్వీసు నిబంధనలు తీసింది. చట్టం వదిలేసినా క్యాంపస్ వదలదని తెలిసింది అప్పుడే. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. ఏప్రిల్ 7న ఆయన అద్దె ఇంట్లో శవమై కనిపించారు. పోలీసులు దర్యాప్తు చేసి, ఆధారాల్లేవంటూ కేసు మూసేశారు. తర్వాత హన్సల్ మెహతా ‘అలీగఢ్’ పేరుతో సినిమా తీశారు.

స్వలింగ ప్రేమికుడైన విద్యార్థిని వెలివేయడానికి ఉత్తర్వు కూడా అక్కర్లేదు. మెస్‌లో అతను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారు. రూమ్మేటు వార్డెన్‌ని కలిసి గది మార్పించుకుంటాడు. కారిడార్‌లో వెనకనుంచి ‘తేడా’ అని వినిపిస్తుంది (మన కామెడీ ట్రాకులు దశాబ్దాలుగా నేర్పిన విద్యే). ఫిర్యాదు రాయాలంటే ముందు తన గుట్టు తానే విప్పుకోవాలి, అదీ ఇంటికి ఫోన్ చేస్తాడేమోనని తాను భయపడే వార్డెన్ ముందు.

2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. 2016లో యూజీసీ, లైంగిక ధోరణిని బట్టి తోటి విద్యార్థిని వేధించడాన్నీ, వెలివేయడాన్నీ ర్యాగింగ్‌లో చేర్చింది. అప్పట్నుంచి 2018 దాకా రెండేళ్లూ విచిత్రమైన కాలం: స్వలింగ సంబంధం నేరమే, దాన్ని సాకుగా చేసుకుని ఏడిపించడమూ తప్పే. నిబంధన నోటీసు బోర్డు దాకా వచ్చిందేమో గానీ గదుల్లోకి వెళ్లినట్టు నాకైతే తోచదు. 2018లో ఇరవైమంది ఐఐటీయన్లు కూడా 377పై సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ సెప్టెంబరు 6న నేరమన్న ముద్ర పోయింది.

గదుల దాకా ఆలోచించినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో ఒక హాస్టల్ కింది అంతస్తును జెండర్‌తో నిమిత్తం లేని వసతిగా ప్రకటించింది. వైద్య కళాశాలల కథ వేరు. 2024 ఆగస్టు చివర జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన సిలబస్‌లో స్త్రీల స్వలింగ సంబంధం మళ్లీ ‘అసహజ నేరాల’ జాబితాలోకి వచ్చి కూర్చుంది. గొడవ రేగాక సెప్టెంబరు మొదటి వారంలో కమిషన్ దాన్ని వెనక్కి తీసుకుంది.