ఊరకుండడం, ఊరుకోకపోవడం: శ్రీరాంపూర్ అగ్నిప్రమాదం (1812), ఒక తెలుగు వ్యాకరణం

బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూర్ మిషన్ అచ్చుకూటం నుంచి వెలువడింది. 1816లో మద్రాసులో వచ్చిన ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం ముందు అది తేలిపోతుందని చెప్పి భాషాచరిత్రకారులు సాధారణంగా ముందుకు సాగిపోతారు. కానీ అది రెండోసారి రాసిన పుస్తకం. మొదటి రాతప్రతి అంతకు రెండేళ్ల ముందే బూడిదైంది. కష్టకాలంలో దేవుని చిత్తాన్ని నమ్మడమంటే ఏమిటో కేరీ ప్రసంగంలో కంటే ఆ రెండు ప్రతుల మధ్య జరిగిన పనిలోనే బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

1812 మార్చి 11, బుధవారం సాయంత్రం. సుమారు 200 అడుగుల పొడవున్న అచ్చుశాలలో కాగితం నిల్వల దగ్గర పొగ లేచింది. అచ్చుకూటం చూసుకునే విలియం వార్డ్ తలుపులూ కిటికీలూ మూయించి, పైకప్పుకు కన్నం పెట్టించి గంటల తరబడి నీళ్లు పోయించాడు. మంట అణుగుతున్న వేళ ఎవరో కిటికీ తెరిచారు. గాలి తగలగానే మంట ఇల్లంతా అల్లుకుంది. ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పే కేరీ ఆ రాత్రి కలకత్తాలోనే ఉన్నాడు. మర్నాడు సహచరుడు మార్ష్‌మన్ వచ్చి చెబితేగాని ఆయనకు సంగతి తెలియలేదు. తెలుగు, పంజాబీ వ్యాకరణాలు, బైబిలు అనువాదాల ప్రతులు, బహుభాషా నిఘంటువు, పద్నాలుగు ప్రాచ్యభాషల పోత అక్షరాలు అన్నీ పోయాయి.

తర్వాతి ఆదివారం కేరీ 46వ కీర్తన 10వ వచనం మీద ప్రసంగించాడు. మనల్ని ఏం చేయడానికైనా దేవునికి హక్కుంది, దానికి మనం తలొగ్గాలి: స్థూలంగా ఆయన చెప్పింది ఇంతే. ఈ నిప్పు ఎందుకు పడిందో వివరించే ప్రయత్నం చేయలేదు. ఆ సంయమనమే నాకు ముఖ్యంగా తోస్తుంది. సంకల్పం ఉందని నమ్మడం వేరు, అది నాకు తెలుసుననడం వేరు. 1794లో కొడుకు పీటర్‌ను పోగొట్టుకుని, మతి చలించిన భార్య డొరోతీతో ఆమె పోయేదాకా (1807) కాపురం చేసిన మనిషికి ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

ఆ వచనంలో తెలుగు బైబిలు ‘ఊరకుండు’ అనే ధాతువును వాడింది. మూల హీబ్రూ క్రియకు పట్టు సడలించడం, చేతులు వదిలేయడం అన్న ఛాయ ఉంది. శ్రీరాంపూర్‌లో మాత్రం చేతులు ఊరుకోలేదు. వార్డ్ పనివాళ్లతో బూడిద తవ్విస్తే, అక్షరాలు పోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు చెడకుండా దొరికాయి. కరిగి ముద్దకట్టిన లోహాన్ని ఏరి మళ్లీ పోత పోశారు. ప్రెస్సులను కొద్ది రోజుల ముందే ఖాళీ అయిన గోదాములోకి మార్చారు. నడిచిన దారిలో రెండోసారి నడవడం తేలికేనన్న అర్థం వచ్చేలా కేరీ లేఖ రాశాడు. ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగును మళ్లీ మొదటినుంచి కూర్చినవాళ్లు ఆ మాట ఒప్పుకునేవారో లేదో!

విశాఖపట్నంలో డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయరు అనే సహాయకుని తోడ్పాటుతో అనువదించిన మూడు సువార్తలు కూడా 1812లో ఇక్కడే అచ్చయ్యాయి. డెస్‌గ్రాంజెస్ ఆ పుస్తకం చూడలేదు, 1810లోనే కన్నుమూశాడు. శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది.

నిప్పు మేలే చేసిందని జీవితచరిత్రకారులు రాస్తుంటారు. ఇంగ్లండులో వార్త తెలిశాక రెండు నెలలు తిరక్కుండానే నష్టం పూడేంత చందా పోగైంది, మిషన్ పేరు మారుమోగింది. ఈ లెక్క నాకు రుచించదు. ఆ చందాలకు తిరిగిన ఆండ్రూ ఫుల్లరే, వచ్చిపడిన కీర్తిని చూసి వణుకు పుడుతోందని రాశాడు. పైగా అన్నీ తిరిగి రాలేదు: బహుభాషా నిఘంటువును కేరీ మళ్లీ ముట్టలేదు.

ఈ కథలో మనకు వినిపించే విశ్వాసమంతా దొరలదే. అక్షరాలు చెక్కినవాడు మనోహర్ కర్మకార్, అంతకుముందు అక్కడ అదే పని చేసిన పంచానన్ కర్మకార్ అల్లుడు. నలభై ఏళ్లు అక్కడే పనిచేసినా మతం మారలేదు. 1839లో అచ్చుకూటం చూడవచ్చిన జేమ్స్ కెన్నెడీ అనే మిషనరీకి, తన ఇష్టదైవం విగ్రహం కింద గొంతుక్కూర్చుని బైబిలు అక్షరాలు చెక్కుతున్న పనివాడు కనిపించాడు.