తెర వెనుక పేరు: బి. ఎన్. రెడ్డి చిత్రములు

వేగావతి యొడ్డునుండి బయలుదేరిన బాట పాచిపెంట మీదుగా కొండలెక్కి కోరాపుట్టు వైపు సాగును. సంతకు దిగివచ్చు కొండవారిని, ఘాట్ రోడ్డున బరువులు మోయు లారీలను చూచి మా సాలూరును గుర్తుంచుకొన్నవారు చాలమంది కలరు. కాని రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ ఊరి పేరు మరియొక దారిని చేరినది. పాటకు ముందు ప్రకటనకర్త "సంగీతము, సాలూరి రాజేశ్వరరావు" అని చెప్పును. ఆ మాట వినని తెలుగు ఇల్లు అరుదు.

ఆ ప్రకటన నొకసారి జ్ఞాపకము చేసికొందము. చిత్రము పేరు వచ్చును. వ్రాసినవారి పేరు, పాడినవారి పేరు, స్వరపరచినవారి పేరు వచ్చును. ఆ పాట ఏ కథలో ఏ ఘట్టమున పుట్టవలెనో నిర్ణయించిన దర్శకుని పేరు మాత్రము సాధారణముగా రాదు. రేడియో చెవికి సంబంధించినది గనుక అది సహజమే. అయినను "మల్లీశ్వరి" పాటలను ఇన్నేండ్లుగా వినుచున్న మనము ఆ చిత్రమును నిర్మించి నడిపిన బి. ఎన్. రెడ్డిగారికి ఋణపడియున్నామని మా యభిప్రాయము. ఆ ఋణములో కొంతయైన తీర్చుకొనుటకే ఈ ప్రసంగము.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు 1908 నవంబరు 16వ తేదీన కడప మండలము పులివెందుల తాలూకా కొత్తపల్లిలో జన్మించినారు. విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డిగారు, ఛాయాగ్రాహకులు కొండారెడ్డిగారు వీరి తమ్ములు. 1938లో హెచ్. ఎం. రెడ్డిగారి "గృహలక్ష్మి" చిత్రముతో వీరికి సినీరంగమున ప్రవేశము కలిగినది. తరువాత మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థ వెలసినది. 1939నుండి 1969 వరకు ముప్పది యేండ్లలో వీరు దర్శకత్వము వహించినవి పదునొకండు చిత్రములు మాత్రమే. వానిలో ఒక్కటియు పౌరాణికము కాదు. పురాణగాథలే తెలుగు తెరను ఏలుచున్న దినములలో ఇది చిన్న నిర్ణయము కాదు. భక్తుల కథలు వాహినిలోనే కె. వి. రెడ్డిగారి చేతిలో "భక్త పోతన"గా, "యోగి వేమన"గా రూపొందినవి. బి. ఎన్. మాత్రము తన కాలపు గృహములవైపు చూచినారు.

మొదటి మూడు చిత్రములను వరుసగా పెట్టి చూచిన వారి మనస్సు తెలియును. 1939 నాటి "వందేమాతరం"లో చదువుకొని ఉద్యోగము లేని యువకుని సంసారము, కట్నపు బాధ కథావస్తువులు. 1940 నాటి "సుమంగళి" వితంతు వివాహ సమస్యను చేపట్టినది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారి ఛాయలోనే, నాగయ్యగారు ధరించిన సంస్కర్త పాత్ర రూపుదిద్దుకొన్నది. 1941 నాటి "దేవత"లో సీమకు పోయి చదివివచ్చిన యజమాని ఇంటి పనిపిల్లను వంచించును. ఆమె బిడ్డతో వీధిని పడును. మూడింటను ప్రశ్న ఒక్కటే: పెద్దవారు చేసిన తప్పునకు మూల్యము చెల్లించువారెవరు? బి. ఎన్. ఇచ్చిన సమాధానమును ఒక్కటే: ఆ యింటి ఆడుది.

"వందేమాతరం" వచ్చిన 1939లోనే పారిస్ నగరమున జాఁ రెన్వార్ అను దర్శకుడు "ఆట నియమములు" అను చిత్రమును విడుదల చేసినాడు. ఇతడు ప్రసిద్ధ చిత్రకారుడు ఆగస్త్ రెన్వార్ కుమారుడు. అందును ఒక పెద్ద భవనము, యజమానులు, పనివారు, చాటుమాటు ప్రేమలు కలవు. చివరకు ఒక నిరపరాధి తుపాకి దెబ్బకు పడిపోవును. అది దురదృష్టవశమున జరిగిన ప్రమాదమని యజమాని అతిథులకు మర్యాదగా చెప్పును. ప్రేక్షకులు ఆగ్రహించినారు, ప్రభుత్వము నిషేధించినది, 1959లో గాని దానిని తిరిగి కూర్చి చూపుట సాధ్యము కాలేదు. ఆ ఫ్రెంచి దర్శకుడే తరువాత వంగదేశమునకు వచ్చి హుగ్లీ తీరమున "ది రివర్" చిత్రమును తీసినాడు. యువకుడైన సత్యజిత్ రాయ్ ఆయనకు స్థలములు వెదకుటలో సాయపడినాడు. అది వెలువడిన 1951లోనే మన "మల్లీశ్వరి" వచ్చినది. ఈ ఇద్దరికి పరిచయమున్నదని మేము చెప్పుట లేదు. పెద్దింటిలో నలిగిపోవు చిన్నవారిని ఇరువురును చూచినారని, చూచిన తీరు మాత్రము వేరని చెప్పుచున్నాము. ఆ భేదమునకు మరల వత్తుము.

1945 నాటి "స్వర్గసీమ" చక్రపాణిగారి కథ. వీధులలో ఆడిపాడు సుబ్బి రంగస్థలమెక్కి సుజాతాదేవి యగును; పత్రికా సంపాదకుడైన గృహస్థు ఇల్లాలిని విడిచి ఆమె వెంట పోవును. భానుమతిగారి కీర్తి ఈ చిత్రముతో దశదిశల వ్యాపించినది. ఇందలి పావురము పాట మన బాలాంత్రపు రజనీకాంతరావుగారి సృష్టి. వారు అప్పుడు ఆకాశవాణి ఉద్యోగి యగుటచే తమ పేరు వెల్లడి కానీయలేదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తొలిసారి నేపథ్యగానము చేసినదియు ఈ చిత్రముననే. విజయనగరమున ఆయనకు సంగీతవిద్య నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారిని సాలూరు చినగురువుగారని లోకము పిలిచెడిది. ఆ విధముగ బి. ఎన్. చిత్రములకు మా ఊరి గాలి మొదట ఘంటసాల గొంతు ద్వారా సోకినది.

రెండవసారి సోకినది 1951 డిసెంబరులో. రాజేశ్వరరావుగారు సాలూరు దగ్గరి శివరామపురమున పుట్టినవారు. తండ్రి సన్యాసిరాజుగారు ద్వారం వేంకటస్వామినాయుడుగారి వయొలిన్ కచేరీలకు మృదంగము వాయించినవారు. బాలుడుగా 1935లో "శ్రీకృష్ణ లీలలు"లో కృష్ణుని వేషము వేసి, కలకత్తాలో హిందుస్తానీ బాణీలు విని, మద్రాసున "చంద్రలేఖ" వంటి పెద్ద చిత్రమునకు స్వరములు కూర్చిన తరువాత ఆయన "మల్లీశ్వరి"కి వచ్చినారు. కథకు మూలములలో ఒకటి బుచ్చిబాబుగారి "రాయలవారి కరుణాకృత్యం" అను నాటిక. రెండవది దేవన్ శరార్ ఆంగ్లమున వ్రాసిన కథ. మాటలు పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. ఆయనకిది తొలి చిత్రము. బుచ్చిబాబుగారు, తరువాతి కాలమున కృష్ణశాస్త్రిగారును ఆకాశవాణిలో పనిచేసినవారే. కావున రేడియో శ్రోతలు "మల్లీశ్వరి"ని తమ యింటి బిడ్డగా భావించుటలో తప్పులేదు.

కథ మీకు తెలిసినదే. వీరాపురములో బావామరదళ్లు నాగరాజు, మల్లి కలిసి పెరిగినారు. వానరాత్రి సత్రములో మల్లి ఆడగా మారువేషములోనున్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూచినారు. మల్లికి రాణివాసపు పల్లకి పంపుడని నాగరాజు వేళాకోళమాడినాడు. ఆ మాట నిజమై, అతడు శిల్పపు పనికై పరదేశము పోయిన సమయమున, పల్లకి ఇంటి ముందు దిగినది. ధనాశతో తల్లి కూతురిని పంపినది. ఇందు రాయలవారు దుష్టుడు కాడు, కళను మెచ్చినవాడు. మెప్పే మల్లికి సంకెల యైనది. పట్టుపరుపులు, చెలికత్తెలు, "ఉషాపరిణయము" యక్షగానము అన్నియు ఆమెకు కలవు. గుమ్మము దాటు స్వేచ్ఛ లేదు. అదే రాజధానికి నాగరాజు శిల్పియై వచ్చినాడు. రాజు కోరిన రాతిని అతడు చెక్కుచుండెను, రాజు కోరిన ఆట ఆమె ఆడుచుండెను; ఇరువురి కళయు ఇరువురి నడుమ గోడ యైనది.

ఈ భావమును సంగీతము ఎట్లు మోసినదో గమనింపుడు. పల్లెలోని ఎద్దుబండి పాటలో వాద్యములు తక్కువ; చక్రము తిరిగినట్లు లయ సాగును. విడిపోయినవారు మేఘముతో కబురంపుకొను పాటలో భానుమతి, ఘంటసాల గొంతులు ఒకరినొకరు చూడలేని రెండు చోట్లనుండి వచ్చి రాగములోనే కలియును. కథలోని యెడబాటు చెవికే తెలిసిపోవును. కనుకనే తెర లేకున్నను రేడియోలో ఈ పాటలు నిలిచినవి. వాద్యసమ్మేళనమున అద్దేపల్లి రామారావుగారి సాయమును మరువరాదు. 1953లో ఈ చిత్రము చైనా భాషా వ్యాఖ్యలతో ఆ దేశమున ప్రదర్శింపబడినది. ఇంత గౌరవము పొందిన పాటలకు స్వదేశపు రేడియోలో కొంతకాలము చోటు చాలలేదు. 1952లో ఆకాశవాణి సినీగీతముల ప్రసారమును బాగుగ తగ్గించివేసినది. శ్రోతలు సిలోను వైపు ముల్లు త్రిప్పినారు. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ఆరంభమైన పిదపనే ఆ కొరత తీరనారంభించినది.

తరువాతి చిత్రములను త్వరగా చెప్పుకొందము. 1955 నాటి "బంగారు పాప" జార్జి ఎలియట్ వ్రాసిన "సైలస్ మార్నర్" నవలకు తెలుగు రూపము; రాతివంటి కోటయ్యగా ఎస్. వి. రంగారావుగారు ఒక అనాథ శిశువు స్పర్శకు కరగిపోవుట అందలి ప్రాణము. "భాగ్యరేఖ" 1957లో, జానపదమైన "రాజమకుటం" 1960లో వచ్చినవి. 1964 నాటి "పూజాఫలం" మునిపల్లె రాజుగారి నవలపై ఆధారపడినది. రాజేశ్వరరావుగారు మరల స్వరములు కూర్చినారు. 1966 నాటి "రంగుల రాట్నం" పల్లె విడిచి పట్టణము చేరిన కుటుంబమును, ఎన్నికలలో ఎదురెదురు నిలిచిన అన్నదమ్ములను, నడుమ నలిగిన తల్లిని చూపినది. 1969 నాటి "బంగారు పంజరం"తో వారి పని ముగిసినది. ఆ పేరు వారి చిత్రములన్నింటికిని తగును. అంతఃపురము, నాటకరంగము, యజమాని మేడ, పదవి: ఏదియో ఒక బంగారు కమ్మీల గూడు, లోపల ఒక ప్రాణి.

ఇప్పుడు మేము దాటవేసిన భేదమునకు వత్తుము. పంజరపు తలుపు తెరచునది ఎవరు? "దేవత"లో యజమాని పశ్చాత్తాపపడి పనిపిల్లను స్వీకరించును. "స్వర్గసీమ"లో గృహస్థు కనులు తెరచి ఇల్లు చేరును. "మల్లీశ్వరి"లో మరణశిక్ష పడవలసిన జంటను రాయలవారు క్షమించి పంపివేయుదురు. తప్పు చేసినవానిదే క్షమించు హక్కు అగుచున్నది. రెన్వార్ చిత్రములోని యజమాని మారడు. శవమును కప్పి అతిథులను లోపలికి పిలుచును. ఈ కారణమున బి. ఎన్. చిత్రములలో తిరుగుబాటు లేదని, దొరల దయపై ఆశ మాత్రమే ఉన్నదని అనువారు కలరు. ఆ మాటలో కొంత నిజము కలదని మేమును ఒప్పుకొందుము. మల్లి పల్లకి ఎక్కునప్పుడు ఆమెను ఎవరును అడుగలేదు. దిగునప్పుడును నిర్ణయము రాజుదే.

కాని మరియొక నిజమును చూడవలెను. మల్లి నాగరాజులు రాజాజ్ఞకు ముందే పారిపోవుటకు తెగించినారు. దయ వచ్చినది తెగువ తరువాత. వారి సాహసము లేనిదే రాయలవారికి తన మాట ఎవరిని బంధించినదో తెలియదు. దర్శకుడు రాజును దించలేదు, కాని రాజును సిగ్గుపడునట్లు చేసినాడు. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లే యైన దేశమున, పెద్దపెద్ద సంస్థానములు అప్పుడే ముగిసిన తరుణమున, పాలకునికి ఆ పాఠము చెప్పుట చిన్న సంగతి కాదు.

1974 సంవత్సరమునకు గాను వారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినది. దక్షిణదేశమున అది పొందిన మొదటివారు వీరే. 1977 నవంబరు 8వ తేదీన వారు కన్నుమూసినారు. రాజేశ్వరరావుగారు 1999లో దివంగతులైనారు. ఇకమీద "మల్లీశ్వరి" పాట మీ యింట వినిపించినప్పుడు, ప్రకటనకర్త సాలూరి పేరు చెప్పి ఆగినచోట, మీ పిల్లలకు ఆ మిగిలిన పేరును కూడ చెప్పవలసినదిగా కోరుచున్నాము.