హౌరా తోటయు ఏటిపాలయు

మద్రాసు మెయిలులో హౌరా చేరిన తెలుగువారు సాధారణముగా వంతెన దాటి కలకత్తా నగరములోనికి పోవుదురు. వంతెన దాటక, హుగ్లీనది పడమటి గట్టు వెంబడి దక్షిణముగా కొంతదూరము పోయినచో శిబ్‌పూరు వచ్చును. అచట 273 ఎకరముల విశాలమైన వృక్షశాస్త్రోద్యానము కలదు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ కిడ్ ప్రోత్సాహమున 1787లో వెలసిన ఈ తోట, 1950లో భారతీయ వృక్షోద్యానమను పేరును, 2009లో ఆచార్య జగదీశచంద్ర బోసు పేరును పొందినది. సెలవుదినములలో పిల్లలతో వచ్చిన కుటుంబములవారు తిన్నగా మహావటవృక్షము కడకు పోవుదురు. 1864, 1867 సంవత్సరములలో తుపానుల దెబ్బ తినియు, 1925లో మూలకాండమునే కోల్పోయియు, కేవలము ఊడల బలముతో నిలిచిన ఆ మర్రిని చూచి ఆశ్చర్యపడనివారు లేరు.

అయితే ఈ తోటకును తెలుగుదేశమునకును గల చుట్టరికము మర్రిచెట్టు వలన తెలియదు. దానిని తెలుపునది మరియొక చెట్టు. ఏటి ఒడ్డులందు, తేమనేలలందు పెరుగునది గనుక మనవారు దానిని ఏటిపాల యనిరి. బెంగాలీలు పానీజమా యందురు. ఆంగ్లేయులు విల్లో యని పిలుచు జాతిలోనిదే యిది. శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన పేరు సాలిక్స్ టెట్రాస్పెర్మా. ఆ పేరు పుట్టిన కథ గోదావరీతీరమున మొదలై హుగ్లీతీరమునకు వచ్చినది.

విల్లో యనగానే చదువుకొన్నవారి మనసునకు తోచునది మన ఏటిపాల కాదు. సన్నని కొమ్మలు జడలవలె నేలకు జారి, గాలికి నీటిపై ఊగుచుండు అలంకారవృక్షము తోచును. చైనా ఫక్కిని ఇంగ్లండులో తయారైన నీలిరంగు పింగాణీ పళ్లెములపై కనబడునది అదియే. దాని జన్మస్థానము చైనా. వర్తకుల దారుల వెంట అది పడమటి దేశములకు పోయినది. పారసీకులు దానికి ‘బేదె మజ్నూన్’ అని పేరిడిరి. విరహమున కృశించి తల వంచిన ప్రేమికుని వారు ఆ చెట్టునందు చూచిరి. యూరపులో 1753లో లిన్నేయసు పండితుడు దానికి బాబిలోనియా పేరు తగిలించెను. బైబిలు కీర్తనలలో బాబిలోను నదులకడ యూదులు తమ వీణలను తగిలించిన చెట్లు ఇవియే యని ఆనాటివారి నమ్మకము. ఆ నదీతీరములందలి చెట్లు నిజమునకు పాప్లరు తెగకు చెందినవని పిమ్మట విద్వాంసులు నిర్ణయించిరి. చెట్టు చైనాది, పేరు బాబిలోనుది. పొరపాటు తెలిసినను శాస్త్రనియమము ననుసరించి ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

మన చెట్టునకు అట్టి దురదృష్టము పట్టలేదు. దానిని చూచి, వర్ణించి, బొమ్మ వ్రాయించి, పేరు పెట్టినవాడు దాని నడుమ కాపురమున్నవాడే. అతడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండులో 1751లో జన్మించి, ఎడింబరోలో వైద్యము చదివి, 1776లో మద్రాసున కంపెనీ వైద్యశాఖలో చేరెను. 1781 ప్రాంతమున సామర్లకోటకు వచ్చి, ఇంచుమించు పన్నెండేండ్లు అచట నివసించెను. ఉద్యోగము వైద్యుడుగనే యైనను, అతని మనసు మొక్కలమీద నుండెను. సామర్లకోటలో తోట వేసి మిరియము, కాఫీ, నీలి, చెరకు, పట్టుపురుగులకు మేతయైన మల్బరీ మున్నగువాటిని పెంచి పరీక్షించెను. వానను, గాలిని, వాతావరణ పీడనమును కొలిచి దినచర్యగా వ్రాసికొనెను. ఇంజరము వద్ద ముంపు వచ్చి అతని తొలినాటి సేకరణలు, పుస్తకములు నశించినవి. అంతటితో నిరాశపడక అతడు మరల మొదలిడెను.

1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులను క్షామము పీడించెను. ఆ దుర్దినములను కన్నులార చూచిన రాక్స్‌బర్గు, వానలు తప్పినను ప్రజలకు ఇంత ఆహారమిచ్చు కొబ్బరి, తాడి, పనస, సగ్గు మున్నగు చెట్లను కాలువగట్లమీదను, గ్రామములచుట్టును నాటించవలెనని కంపెనీ ప్రభుత్వమునకు వ్రాసెను. చెట్టు అతనికి కేవలము వింతవస్తువు కాదు. బెంగాలున కిడ్ తోట వేయించుటకును ఇట్టి కారణమే యొకటి. 1770 నాటి ఘోరక్షామము అచటివారి జ్ఞాపకమున ఇంకను పచ్చిగా నుండెను.

రాక్స్‌బర్గునకు ముందు మద్రాసు ప్రభుత్వమున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసినవాడు పాట్రిక్ రస్సెల్. విశాఖపట్టణమున పాములను పరిశోధించి ప్రసిద్ధుడైన పండితుడాయన. కోరమాండలు తీరమునందలి ఉపయోగకరములైన మొక్కలను పటములతో ప్రకటించుట మేలని ఆయన సూచించెను. రాక్స్‌బర్గు ఆ కార్యమును తలకెత్తుకొనెను. దేశీయ చిత్రకారులను కొలువునందుంచుకొని, కోసి తెచ్చిన కొమ్మను ఎదుట పెట్టి, ఆకు, పువ్వు, కాయ, విత్తనము వేరువేరుగా వ్రాయించెను. ఆ బొమ్మలు లండనుకు పోయి, సర్ జోసెఫ్ బాంక్సు పర్యవేక్షణమున ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములలో వెలువడెను. మొత్తము 300 పటములు. మొదటి సంపుటమునందలి 97వ పటమే మన ఏటిపాల. కాయలో నాలుగు విత్తనములుండుట గమనించి, ‘నాలుగు గింజలది’ అను నర్థము వచ్చునట్లు అతడు ఆ చెట్టునకు పేరు పెట్టెను.

ఆ గ్రంథమునకు మరియొక విశేషము కలదు. చెట్టును వర్ణించుచు, తెలింగలు దానిని ఏమందురో కూడ రాక్స్‌బర్గు పలుచోట్ల చెప్పెను. అట్టి తెలుగు పేరొకటి ప్రపంచశాస్త్రములోనికే ఎక్కినది. మన కొండలలో పెరుగు సోమిద చెట్టు బెరడు జ్వరమునకు పనిచేయునని విని, దానిని పరీక్షించి, విదేశములనుండి వచ్చు సింకోనా బెరడునకు బదులుగా వాడవచ్చునని అతడు ప్రకటించెను. పిమ్మట 1830లో ఆ చెట్టు జాతికి ‘సోయ్‌మిడా’ యనియే పేరు స్థిరపడినది. అడవిదారిలో ఆ పేరు మొదట చెప్పిన మన్యపుమనిషి ఎవరో, ఏటిపాల ఆకుల ఈనెలను అంత నేర్పుగా దిద్దిన చిత్రకారుడెవరో మనకు తెలియదు. గ్రంథముమీద దొర పేరు నిలిచినది. వారి పేర్లు నిలువలేదు.

జ్వరమునకు బెరడు అను మాట విల్లో చరిత్రలోను ముఖ్యమైనదే. విల్లో బెరడు పొడి చలిజ్వరమును తగ్గించుచున్నదని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఆంగ్ల మతాచార్యుడు లండను రాయల్ సొసైటీకి తెలిపెను. 1828లో మ్యూనికు నగరమున బూక్నరు అను శాస్త్రజ్ఞుడు ఆ బెరడునుండి చేదైన సారమును వేరుచేసి సాలిసిన్ అని పిలిచెను. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితముగా 1897లో జర్మనీలో బేయరు కంపెనీ రసాయనికుడు హాఫ్‌మన్ తయారుచేసిన మందే నేడు ఇంటింట నున్న ఆస్పిరిన్. సాలిక్స్ అను చెట్టుపేరు సాలిసిన్ అను మాటలో నేటికిని వినబడుచున్నది.

1793లో కిడ్ మరణింపగా, సామర్లకోటలోని రాక్స్‌బర్గును ప్రభుత్వమువారు శిబ్‌పూరు తోటకు అధికారిగా పంపిరి. కోస్తాతీరమునుండి ఉద్యోగరీత్యా హుగ్లీ ఒడ్డునకు వచ్చిన పలువురకు అతడు ముందు నడచినవాడు. అతడు తోటను చేపట్టునాటికి అందు సుమారు 300 జాతుల మొక్కలుండెను. అతడు విడుచునాటికి అవి సుమారు 3,500 అయ్యెను. ఆ మొక్కల పట్టికను ‘హోర్టస్ బెంగాలెన్సిస్’ అను పేర 1814లో సేరాంపూరున విలియం కేరీ ముద్రించెను. రాక్స్‌బర్గు వ్రాయించిన వర్ణచిత్రములు 2,500కు పైబడినవి. అతని మహాగ్రంథము ‘ఫ్లోరా ఇండికా’ అతని మరణానంతరమున సంపూర్ణముగా 1832లో వెలువడెను. కోరమాండలు పటమున మొదట కనబడిన ఏటిపాల అందును చోటు చేసికొనినది. నదివైపు అతడు కట్టించుకొన్న ఇల్లు నేటికిని తోటలో కలదు.

1813లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలుచు, రాక్స్‌బర్గు దారిలో సెయింట్ హెలినా ద్వీపమున ఆగి అచటి మొక్కల పట్టికను సిద్ధపరచెను. 1815లో అతడు ఎడింబరోలో మరణించెను. ఆ సంవత్సరముననే నెపోలియను బందీగా ఆ ద్వీపమునకు వచ్చెను. 1821లో మరణించిన ఆ చక్రవర్తిని ఒక లోయలో, జడలు జారిన విల్లోచెట్ల నీడను సమాధిచేసిరి. తూర్పుదేశములనుండి పోవు ఓడలు ద్వీపమున ఆగునపుడు ప్రయాణికులు సమాధిని చూచి, గుర్తుగా ఒక కొమ్మ విరుచుకొని పోవువారు. ఆ కొమ్మలు పలుదేశముల తోటలలో చిగిర్చినవి. 1840లో చక్రవర్తి అస్థికలను ప్యారిసునకు తరలించిరి. అంతకు ముందే సమాధిమీది చెట్టు లోకమంతట వ్యాపించినది.

అట్లు వ్యాపించుటకు కారణము చెట్టు స్వభావమునందే యున్నది. విల్లోలలో మగచెట్టు వేరు, ఆడుచెట్టు వేరు. దూదివంటి నూగుతో గాలికెగురు విత్తనములు కొద్దిదినములలోనే జీవము కోల్పోవును. కొమ్మ యట్లు కాదు. చిటికెనవ్రేలి లావున, మూరెడు పొడవున కోసి, సగము మట్టిలోనికి దిగునట్లు తడినేలలో గ్రుచ్చినచో సులభముగా వేరుతొడుగును. చలికాలము చివర, క్రొత్త చిగురు రాకమునుపు నాటుట మంచిది. మొదటి రెండేండ్లు నేల ఆరనీయరాదు.

ఇంటితోటలో పెంచదలచినవారు ముందు చోటు చూచుకొనవలెను. విల్లో వేళ్లు నీటిని వెదకుచు చాలదూరము పోవును. మురుగుకాలువల అతుకులలోను, తొట్ల పగుళ్లలోను చొరబడును. కావున ఇంటికి, బావికి, కాలువకు కనీసము నలుబది అడుగుల ఎడముగ నాటవలెను. హౌరా ఇరుకుసందులలో అంత తావు దుర్లభము. పెద్ద ఆవరణములు, వాటిలో బెంగాలీలు పుకుర్ అను చెరువు ఉన్నచోట, దాని గట్టున వేయవచ్చును. చైనా విల్లో చల్లని ప్రదేశములను కోరును. కాశ్మీరు సరస్సుల అంచున దానికున్న సొంపు దిగువ బెంగాలు ఎండలో రాదు. ఈ వేడికి, ఈ తేమకు అలవాటుపడినది ఏటిపాల. దాని కొమ్మలు జడలవలె జారవు, నిజమే. కాని కోసిన కొలది చిగుర్చును, సన్నని రెమ్మలు బుట్టల అల్లికకు వచ్చును, గట్టు మన్నును వేళ్లు పట్టి నిలుపును. జారుకొమ్మల అందము మాత్రమే కావలసినవారు చిన్న పెరడులో జారుకొమ్మల నరమామిడిని పెంచికొనుట మేలు.

సంస్కృతమున వానీరము, వంజులము, వేతసము అని చదివినపుడు మన పండితులు ప్రబ్బయని అర్థము చెప్పుదురు. అమరకోశము వేరుగా పేర్కొన్న నీటివేతసము ఏటిపాలయే యని వృక్షశాస్త్రజ్ఞులలో కొందరి అభిప్రాయము. ఈ వివాదము ఎట్లు తీరినను, ఊరివారు పెట్టిన తెలుగుపేరులో మాత్రము సందేహము లేదు. అది చెట్టు ఎచట నుండునో చెప్పుచున్నది.

ప్రవాసమున పెరుగు మన పిల్లలకు పాఠ్యపుస్తకములవలన విల్లో తెలియును, ఏటిపాల తెలియదు. తెలుగు పేర్లను ఒక పరదేశి చెవియొగ్గి విని వ్రాసికొనబట్టి వాటిలో కొన్ని గ్రంథములకెక్కినవి. వాటిని పలుకుట మన వంతు. తరువాతి సెలవున శిబ్‌పూరు తోటకు పోవు కుటుంబములు మర్రినీడనుండి లేచి నదివైపునకును నడచి, రాక్స్‌బర్గు ఇంటి ఎదుట పిల్లలకు సామర్లకోట కథ చెప్పినచో, కొమ్మ నాటుటకు తావులేని ఇండ్లలోను ఆ పేరైనను వేరూనును.