మూగవోయిన చక్రవర్తి

మనిషికి తన కంఠస్వరమంత సొంతమైనది మరొకటి లేదు. అట్టి స్వరమును కాపాడుకొనుటయా, ప్రాణమును కాపాడుకొనుటయా అను సంశయము 1887వ సంవత్సరమున ఒక రాజకుటుంబమును, రెండు దేశముల వైద్యులను కలవరపరచినది.

ఆ యేడు జనవరి మాసమున జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురువోయినది. బెర్లిను వైద్యుడు గెర్‌హార్ట్ అద్దముతో పరీక్షింపగా ఎడమ స్వరతంత్రిపై చిన్న కంతి కానవచ్చినది. కాలిన తీగతో దానిని పలుమారులు మాడ్చినను మరల పెరిగినది. మే మాసమున శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్ గొంతు కోసి కంతిని తొలగింపవలెనని నిశ్చయించెను. అది సాహసకార్యమే. వియన్నాలో బిల్‌రోత్ కాన్సరు సోకిన స్వరపేటికను మొదటిసారి సంపూర్ణముగా తీసివేసినది 1873 డిసెంబరులో. అప్పటికి ఇంకను 14 ఏండ్లు నిండలేదు.

ఇంతలో లండను నుండి మెకంజీ వచ్చెను. ఆయన కంతినుండి చిన్న తునక తీసి సుప్రసిద్ధుడైన విర్ఖోకు పంపెను. సూక్ష్మదర్శినిలో కాన్సరు కానరాలేదు. శస్త్రచికిత్స ఆగిపోయినది. విర్ఖో చెప్పినది తాను చూచిన తునకను గూర్చియే. విన్నవారు దానిని కంఠమంతటికిని అన్వయించుకొనిరి.

నవంబరున ఇటలీ తీరమందలి సాన్ రేమోలో అది కాన్సరేయని తేలినది. 1888 ఫిబ్రవరి 9న ఊపిరి సలుపుటకై గొంతున గొట్టమమర్చిరి. మార్చి 9న తండ్రి మరణింపగా, మాటలేని మనిషి చక్రవర్తి అయ్యెను. చెప్పదలచినదెల్ల కాగితపు ముక్కలపై వ్రాసి చూపెడివాడు. 99 దినములు పాలించి జూన్ 15న కన్నుమూసెను.

నాడు వైద్యులను వేధించిన ప్రశ్న “ఇది కాన్సరా?” అనునది. తరువాతి శతాబ్దమున దానికి “ఏ జాతి కాన్సరు?” అను మరొక ప్రశ్న తోడైనది. కంఠమున వచ్చు కాన్సరులలో అత్యధికము పొలుసు కణముల జాతివి. ఫ్రెడరిక్ వ్యాధియు అట్టిదేయని పెక్కుమంది తలంపు. 1972లో ఓలొఫ్సన్, వాన్ నోస్ట్రాండ్ అను వైద్యులు స్వరపేటికలో వేరొక జాతిని వర్ణించిరి. అది ఊపిరితిత్తులలో అంతకుమున్నే ఎరిగిన చిన్న కణముల కాన్సరు. తల, మెడ భాగములలో ఇది మిక్కిలి అరుదు. కాని మిక్కిలి వడిగలది. పెక్కుమందిలో కనుగొనునాటికే మెడ గ్రంథులకో, ఊపిరితిత్తులకో, కాలేయమునకో, ఎముకలకో ప్రాకియుండును.

కనుకనే ఇచట శస్త్రము తరచు నిష్ఫలము. స్వరపేటికను తీసివేసినను, అప్పటికే దేహమంతట వెదజల్లబడిన కణములు మిగిలియే యుండును. స్వరము పోవును, ప్రాణము దక్కదు. అందుచేత వైద్యులు ముందుగా దేహమంతయు పరీక్షించి, పిదప సిస్‌ప్లాటిన్, ఎటొపొసైడ్ వంటి మందులను, కిరణచికిత్సను కలిపి ప్రయోగింతురు. కంతి త్వరగానే కరగవచ్చును. కాని తరచు తిరిగివచ్చును. స్వరపేటికలో పుట్టిన ఈ జాతి వ్యాధితో ఐదేండ్లు గడచినవారు నూటికి 20 మందికి లోపే. వ్యాధి ఒకచోటనే యున్నప్పుడు గుర్తించినవారికి ఆశ హెచ్చు.

ఫ్రెడరిక్ విషయమున బెర్గ్‌మన్ కోరినది శస్త్రము. ఈ చిన్న కణముల వ్యాధికి మొదట కావలసినది మందు. గొంతు బొంగురు రెంటికిని ఒకటే. ఏది ఏదో తేల్చునది తునకయే. ఒక తునకలో కానరాకున్నను అనుమానము మిగిలినచో మరల తీసి చూడవలెను. ఆ చక్రవర్తి చరిత్ర నేర్పిన పాఠమిది. గొంతు బొంగురు మూడు వారములు దాటినచో కషాయములతో కాలము పుచ్చక వైద్యునకు చూపుట మన వంతు.